ఎక్కొచ్చు అన్నదెవరు?

మార్చి 11

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని బావ కబురు పెట్టాడు. ఫోన్‌ని పనిముట్ల పెట్టెలో పడేసి తాళం వేశాను. ఇకమీదట నాతో మాట్లాడాలంటే ఇలా కాగితం మీదే. నా చేతిరాత చూసి నవ్వుకుంటావని తెలుసు, నవ్వుకో. ఇది నేనే రాశానా అన్న అనుమానమైతే నీకు రాదు. ఇంత వంకర అక్షరాలు ఏ యంత్రమూ రాయలేదు.

నీకు పేపర్లో చదివినంతే తెలుసు. జరిగింది నేను చెప్తాను. కింద బేకరీ ఉన్న అయిదంతస్తుల బిల్డింగు గుర్తుందా? నువ్వు వచ్చినప్పుడు ఆ లిఫ్ట్‌లో అద్దం లేదని సణిగావు. అందులో నాలుగో అంతస్తు తలుపు తాళం అరిగిపోయింది. లిఫ్ట్ పెట్టె అక్కడ లేకపోయినా గట్టిగా లాగితే తలుపు వచ్చేస్తోంది. మెయిన్ ఆపి, బోర్డు తగిలించి, కొత్త తాళం కోసం విడిభాగాల షాపుకి వెళ్లాను. పరీక్ష కోసం పెట్టిన తీగ ముక్క అలాగే వదిలాను. అది ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉన్నా మూసే ఉందని లిఫ్ట్ అనుకుంటుంది. మెయిన్ ఆపి ఉంటే దానివల్ల ఏమీ కాదు. మా పనిలో అందరం అలాగే చేస్తాం.

నాన్న పద్ధతి నీకు తెలుసు కదా. రిపేరు అయ్యాక ముందు మెకానిక్ ఒక్కడే ఎక్కి కిందా మీదా తిరగాలి. ఆ తర్వాత "ఎక్కొచ్చు" అనాలి. ఆ మాట వినేదాకా ఎవరూ బోర్డు ముట్టుకోరు. మెషీన్ గది డాబా మీద ఉంటుంది, వాచ్‌మన్ కింద ఉంటాడు, అందుకని ఆ మాట ఫోన్లోనే నడుస్తుంది. నేను వెనక మెట్ల మీదుగా షాపుకి వెళ్లిన సంగతి వాచ్‌మన్ తాతకి తెలియదు. పైనే ఉన్నాననుకుని ఫోన్ చేశాడు. నేను వినలేదు. ఆ సహాయక యంత్రం ఎత్తింది.

అదే, ఫోన్లో పెట్టించుకున్నానే, నేను ఎత్తనప్పుడు నా గొంతుతో మాట్లాడేది. నా పాత ఫోన్ మాటలన్నీ వినిపించి దానికి నేర్పారు. నువ్వు కూడా ఓసారి దానితో మాట్లాడి నేనే అనుకుని, "ఈమధ్య మర్యాద నేర్చావురా" అన్నావు.

తాత అడిగాడట, "బాబూ, అయిపోయిందా? బోర్డు తియ్యనా?" అని. అది నా గొంతుతో, "ఆఁ తాతా, ఎక్కొచ్చు" అంది. తాత బోర్డు తీసేసి కిందున్న మెయిన్ వేశాడు.

బేకరీ ఆవిడ ఇల్లు ఆ నాలుగో అంతస్తులోనే. రెండు చేతుల్లో ఖాళీ ట్రేలు. మోచేత్తో తలుపు లాగి అడుగు వేసింది. లిఫ్ట్ పెట్టె రెండో అంతస్తులో ఉంది, దాని కప్పు మీద పడింది. ప్రాణం ఉంది. నడుము కింద ఏమీ తెలియడం లేదంటున్నారు.

నువ్వు ఆ చట్టాలు రాసే సంఘం ఆఫీసులో ఈ మాట్లాడే యంత్రాల గురించే కదా రాస్తున్నావు. ఒక్కటే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ మాట ఎవరిది?

నీ తమ్ముడు

*

మార్చి 17

ఒరేయ్ మొండీ,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే విప్పి చదివాను. చదివాక అక్కడే కూర్చుండిపోయాను. మా ఆఫీసు లిఫ్ట్ చెడిపోయి నెల దాటింది, దాని గురించి నీకు వేళాకోళంగా రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ మాట ఎత్తబుద్ధి కావడం లేదు.

ముందు నేను చెప్పేది విను. ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. ఆసుపత్రికి వెళ్లకు. ఆవిడ మొగుడు ఎదురుపడితే పక్కకి తప్పుకో. వాచ్‌మన్‌తో ఒక్క ముక్క కూడా వద్దు. మంచి వకీలుని చూసుకో, ఫీజు సంగతి మీ బావ చూసుకుంటానన్నారు.

నువ్వడిగింది మేం మూడు నెలలుగా కొట్టుకుంటున్న విషయమే. ఇక్కడ ఎవరినీ జైల్లో పెట్టే గొడవ కాదు. మనిషికీ మనిషికీ మధ్య నష్టం జరిగితే దాన్ని ఎవరు భరించాలి అన్నది. నౌకరు పొరపాటు చేస్తే యజమాని భరిస్తాడు. కుర్చీ విరిగి పడితే చేసినవాడు భరిస్తాడు. మరి ఇది నౌకరా, కుర్చీనా? మా అధ్యక్షుడు, రిటైరైన జడ్జి, పెంపుడు కుక్క అంటారు. ఒక ప్రొఫెసరు గారు కుక్కకి మాటలు రావు కదండీ అంటారు. టీ చల్లారిపోతుంది, మళ్లీ మొదటికొస్తాం.

నేనైతే నిన్న ఒక వాక్యం రాసి పెట్టాను. "తాను చెప్పమనని మాటకు ఏ మనిషీ కట్టుబడడు." అందరూ తలూపారు. ముసాయిదాలో ఇది నిలిస్తే ఈ బురద నీకు అంటదు. నువ్వు ధైర్యంగా ఉండు, భోజనం మానకు. మీ బావ మోకాలు మళ్లీ వాచింది, నీకు చెప్పొద్దన్నారు, చెప్పేశాను.

అక్క

*

మార్చి 25

అక్కా,

నేను అడిగిందేమిటి, నువ్వు చెప్పిందేమిటి? ఆ మాట ఎవరిదని అడిగితే, నీది కాదులే పారిపో అని దారి చూపించావు. తప్పించమని నిన్ను ఎవరడిగారు?

ఆసుపత్రికి వెళ్లొద్దన్నావు. నీ ఉత్తరం రాకముందే వెళ్లొచ్చాను. ఆవిడ మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కాతోనే వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. జరిగి చోటిచ్చాడు. "నువ్వే అన్నావంటున్నారు, అది అందంటున్నారు. నాకేం అర్థం కావట్లేదు. ఎవరో ఒకరు నేనే అనొచ్చుగా?" అన్నాడు.

వాచ్‌మన్ తాతని తీసేశారు. మెకానిక్ కనపడకుండా మెయిన్ ఎందుకు వేశావని బిల్డింగు వాళ్లు గెంటేశారు. నీ వాక్యం ఉంది కదా, తాను చెప్పమనని మాటకు ఏ మనిషీ కట్టుబడడని. మరి ఎవరు కట్టుబడతారు? తాతేనా? నా గొంతు విని నమ్మడమే ఆయన చేసిన పాపం.

అది ఎందుకలా అందో రాత్రీ పగలూ ఆలోచించాను. నాకొక అలవాటుంది. పని కాకపోతే ఫోనెత్తను. చేతులకి గ్రీజు ఉంటుంది, పైగా మధ్యలో మాట్లాడితే ధ్యాస చెదురుతుంది. వాచ్‌మన్లందరికీ అది తెలుసు. నేను ఎత్తలేదంటే ఇంకా కాలేదని. ఎత్తానంటే ఎక్కొచ్చని. అంటే నేను "కాదు, ఆగు" అని చెప్పిన ఫోన్ ఒక్కటి కూడా దానికి దొరకలేదు, అది నేర్చుకున్న మాటల్లో అసలు లేదు. అయిపోయిందా అని అడిగిన ప్రతిసారీ నేను ఎక్కొచ్చనే అన్నాను. దానికి తెలిసింది అదే, అదే అంది. నేను మూగగా చెప్పేది అది ఎలా వింటుంది?

ఇది ఆ సహాయక యంత్రం అమ్మిన కంపెనీవాడికి తెలియాల్సింది కదా అంటున్నాడు వకీలు. నిజమే కావచ్చు. కానీ గొంతు నాది. ఆ మాట నాకు నాన్న నేర్పింది.

నీ భయం నాకు అర్థమైందిలే. అక్కగారు చట్టం రాస్తుంటే తమ్ముడు కోర్టులో నిలబడితే బాగుండదు. నీ పేరు మీద మచ్చ పడకుండా నేను నోరు మూసుకోవాలి. బావ మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టమను.

తమ్ముడు

*

ఏప్రిల్ 6

తమ్ముడూ,

నా పేరు కోసం అన్నావు. ఆ ముక్క దగ్గర కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నాలుగు రోజులు మళ్లీ తియ్యలేదు. ఎవరో పరాయివాడు అంటే పోనీలే అనుకునేదాన్ని. నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను.

నా పేరు గురించే భయపడితే నీ సంగతి ఆఫీసులో చెప్పి, ఈ పని నాకొద్దని లేచిపోయేదాన్ని. చెప్పలేదు. చెబితే ఈ అధ్యాయం నా చేతిలోంచి లాక్కుంటారు. నీలాంటి వాళ్లు ఎలా బతుకుతారో తెలియని మనిషి చేతిలో పడుతుంది. అందుకే నోరు కట్టుకుని కూర్చున్నాను.

కానీ నువ్వన్న దాంట్లో నిజముంది, ఒప్పుకుంటున్నాను. వాచ్‌మన్ సంగతి నాకు తట్టనే లేదు. నా వాక్యం నిన్నొక్కణ్ణే చూసింది. బస్సు డ్రైవరు అడిగిన మాట రోజూ చెవిలో తిరుగుతోంది, ఎవరో ఒకరు నేనే అనొచ్చుగా అని. ఇన్ని పుస్తకాలు తిరగేశాం, ఎక్కడా మనిషి ముందుకొచ్చి నేనే అనడానికి చోటు పెట్టలేదు. అందరూ కాదనడానికే దారులు.

అందుకని ఇంకో వాక్యం రాశాను. "యంత్రం పలికిన మాటను ఎవరైనా తనదిగా ఒప్పుకుంటే, అది మొదటి నుంచీ అతని మాటే అవుతుంది." నువ్వు రాసింది చదివే రాశాను. నువ్వెవరో చెప్పకుండా, ఒక మెకానిక్ ఉన్నాడండీ అని సభ్యులకి చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒకటి కెలికే ప్రొఫెసరు గారు కూడా నోరెత్తలేదు. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చట్టంలో మర్యాదకి కాస్త చోటుండాలమ్మా" అన్నారు. ముసాయిదా అభిప్రాయాల కోసం కోర్టులకీ వకీళ్ల సంఘాలకీ పంపించేశాం.

ఇంకా కోపమేనా? ఉంటే ఉండనీ. కోపంగానైనా రాస్తూ ఉండు.

అక్క

*

మే 2

అక్కా,

నీ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ వాక్యం నాకు నోటికొచ్చేసింది. మన ఇంట్లో పుట్టిన మనిషి చట్టంలో అలాంటి మాట రాసిందంటే, నాన్న ఉంటే వీధంతా చాటేవాడు. నేనన్న మాటలకి నన్ను తిట్టు, నాలుగు తగిలించు కూడా. నీ పేరు ఎత్తినందుకు సిగ్గుగా ఉంది.

దావా వేశారు, నా మీదా కంపెనీ మీదా కలిపి. వచ్చే నెల నన్ను బోనులో నిలబెడతారు. ఏం చెప్పాలో ఇన్నాళ్లూ తెలియక తల పట్టుకు కూర్చున్నాను. ఇప్పుడు తెలిసింది. నీ వాక్యంలో ఉన్నదే చెప్తాను, ఆ మాట నాదే అని.

మీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది. షెడ్డు పోతుందని దాని భయం. పోతే పోనీ. నెలలు గడిచాక ఇవాళే కాస్త ఆకలేసింది.

తమ్ముడు

*

మే 9

తమ్ముడూ,

నీ ఉత్తరం అందగానే రాస్తున్నాను. ఆ మాట అనకు. నీకు దణ్ణం పెడతాను, కోర్టులో ఆ మాట అనకు.

నా వాక్యానికి రెండో వైపు కూడా పదునుందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. బేకరీ ఆవిడ తరఫు వకీలు ఏమంటున్నాడు? మనిషి చెప్పమనని మాటని యంత్రం దానంతటది చెప్పింది, తప్పు నేర్చుకుంది, తప్పు నేర్పినవాళ్లు నష్టం భరించాలి అంటున్నాడు. నువ్వు లేచి "నాదే" అంటే ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది. కంపెనీవాడు ఏమంటాడో చూడు. "అతనే తన మాట అంటున్నాడు కదా, మా యంత్రం అతను అనేదే అంది, మా తప్పేముంది?" అంటాడు. చేతులు దులుపుకుని వెళ్లిపోతాడు. మిగిలేది నువ్వూ, నీ రేకుల షెడ్డూ. ఆవిడకి బతికినంతకాలం మనిషి సాయం కావాలి, మందులు కావాలి. అది నీ వల్ల అవుతుందా?

నీ అలవాటు గురించి నాకు రాశావే, ఎత్తకపోవడమే కాదనడం అని, అది చెప్పు. దానికి ఆ కాదనడం ఎవరూ నేర్పలేదని చెప్పు. అదొక్కటే ఆవిడకి పనికొచ్చేది. "బాధపడుతున్నాను" అను, "నావల్ల అయినంత చేస్తాను" అను. "మాట నాది" అని మాత్రం అనకు.

ఇంతకుముందు నోరు మూసుకోమన్నది నీ కోసం. ఇప్పుడు చెప్తున్నది ఆవిడ కోసం. తేడా చూడు.

అక్క

*

జూన్ 14

అక్కా,

నిన్న సాక్ష్యం అయింది.

నీ మే ఉత్తరం చదివాను. చదివి మండిపడ్డాను. ఏప్రిల్లో ఒక మాట, మేలో ఒక మాట. మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి ఆవిడ పేరు అడ్డం పెట్టుకుని నన్ను కాపాడుతోంది అనుకున్నాను. ఇద్దరిదీ తప్పయితే ఇద్దరూ కట్టాలి, నేను నాదంటే వాడిది పోతుందా, ఇదెక్కడి లెక్క అనుకున్నాను. వకీలుని కూడా అడగలేదు. అడిగితే ఆయనా అనొద్దంటాడని.

జడ్జి గారి ముందు అన్నాను. "ఆ గొంతు నాది. ఆ మాట నాదే. ఎవరి మీదికీ తొయ్యను." బస్సు డ్రైవరు ముందు వరసలో ఉన్నాడు, తల దించుకుని విన్నాడు. నాకు మెడ మీది బరువు దిగినట్టయింది. ఎందుకు దాచాలి, హాయిగా అనిపించింది.

అప్పుడు కంపెనీ వకీలు లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను. "మీరు గొప్ప మాట అన్నారు" అని నమస్కారం పెట్టాడు. తర్వాత ఒక కాగితం తీసి, చట్టం ఇంకా రాకపోయినా పెద్దలు రాసిన ముసాయిదా ఉంది, చూడండి అని గట్టిగా చదివాడు. "యంత్రం పలికిన మాటను ఎవరైనా తనదిగా ఒప్పుకుంటే." మిగతాది వాడికంటే ముందు నా నోట్లో తిరిగింది. జడ్జి గారు రాసుకున్నారు.

మా వకీలు గబగబా లేచి, నేను ఫోనెత్తని అలవాటు సంగతి చెప్పించబోయాడు. కంపెనీ వకీలు ఒకటే అడిగాడు. "మాట మీదే అన్నారుగా. ఇంకా అది ఎలా నేర్చుకుందో మనకెందుకు?" బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆ వకీలు వచ్చి చెయ్యి కలిపాడు. వేడిగా ఉంది ఆ చెయ్యి. కలిపాక గానీ నాకు తెలియలేదు నేనేం చేశానో.

నువ్వు సూటిగానే చెప్పావు. నేను వంకరగా చదువుకున్నాను.

తమ్ముడు

*

ఆగస్టు 20

తమ్ముడూ,

తీర్పు ప్రతి మా ఆఫీసుకే ముందు వచ్చింది. మన ముసాయిదాని కోర్టు మొదటిసారి వాడిందని అందరూ సంతోషంగా చేతులు మారుస్తూ చదివారు. మిఠాయి తెప్పించమని ఎవరో అన్నారు. కంపెనీకి బాధ్యత లేదు, పరిహారం మొత్తం మెకానిక్ భరించాలి. మెకానిక్‌కి ఉన్నదేమిటో చివరి పేజీలో రెండు లైన్లలో రాశారు. పాత వ్యాను, షెడ్డు, పనిముట్లు.

నేను ఆ మధ్యాహ్నమే అధ్యక్షుడి గదికి వెళ్లాను. వాక్యం మార్చాలన్నాను. "ఒకడు తనదని ఒప్పుకున్నంత మాత్రాన, ఆ యంత్రాన్ని చేసి అమ్మినవాడి బాధ్యత తీరదు" అని చేర్చాలన్నాను. ఆ ఒక్క ముక్క ఏప్రిల్లో చేర్చి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు. నీ ఉత్తరం చదివిన మైకంలో వెనకాల ఎవరు నక్కి ఉన్నారో చూడలేదు. నీ మీద ప్రేమ కళ్లకి అడ్డం పడిందిరా, ఇంకేం చెప్పను.

ఆయన శ్రద్ధగా విన్నారు. మంచి సవరణే అన్నారు. పెన్ను కూడా తీశారు. అంతలో మామూలుగా అడిగారు, "ఈ కేసు మిమ్మల్ని ఇంత కదిలించిందేమ్మా? తెలిసినవాళ్లా?" అని.

కాదండీ అనొచ్చు. ఒక్క అబద్ధంతో పని అయిపోయేది. కానీ రేపు ఎవరైనా తవ్వితే సవరణే కొట్టుకుపోతుందని భయపడ్డాను. భయమేనా, అలవాటేనా తెలియదు. "మా తమ్ముడండీ" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టేశారు. కోప్పడలేదు. "ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు. ఓడిపోయినవాడి అక్క అడిగితే మార్చామని తెలిస్తే ముసాయిదా మొత్తాన్ని ఎవరూ నమ్మరట. అందుకని వాక్యం ఉన్నది ఉన్నట్టే శాసనసభకి వెళ్తుంది. ప్రొఫెసరు గారి కాళ్లావేళ్లా పడ్డాను, "మీ సవరణ నా నోటితో చెబితే నన్ను కూడా మీతో కలిపేస్తారు" అన్నారు. నన్ను తూనికలు కొలతల విభాగానికి మార్చారు. ఇక్కడ కిటికీ పెద్దది. తరాజులకి ముద్ర ఎక్కడ వెయ్యాలో రాస్తున్నాను.

నువ్వు ఎలా ఉన్నావు? ఇంట్లో పొయ్యి వెలుగుతోందా? అబద్ధం చెప్పకుండా రాయి.

అక్క

*

సెప్టెంబరు 30

అక్కా,

షెడ్డు పోయింది. వ్యాను పోయింది. విడిభాగాల షాపులోనే నౌకరీ ఇచ్చారు, అరల్లో బేరింగులు సర్దుతున్నాను. మీ మరదలు పుట్టింటికి వెళ్తానని పెట్టె సర్దుకుని, సాయంత్రానికి తనే విప్పేసింది. పొయ్యి వెలుగుతోంది. లిఫ్టులు ముట్టుకోవడం లేదు. ఎవరైనా వచ్చి, అన్నా ఒకసారి చూసిపో అంటే, ఆ నోటితో నేను ఎక్కొచ్చనలేను అంటున్నాను.

మొన్న ఆదివారం ఆవిడని చూడటానికి వెళ్లాను. నిన్నటి దాకా నీకు రాయలేకపోయాను.

బేకరీ అమ్మేశారు. ఆవిడ అన్నగారింట్లో కింది గది ఒకటి ఇచ్చారు, అందులో ఉంటున్నారు. డ్రైవరే తలుపు తీశాడు. ఉద్యోగం మానేశాడట, ఆవిడని చూసుకోవడానికి ఇంకో మనిషి లేక. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

మంచం గోడవారగా వేసి ఉంది. ఆవిడ బాగా చిక్కిపోయింది. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు.

"కూర్చో అన్నా. నిన్నొకటి అడగాలని ఎన్నాళ్లుగానో ఉంది" అంది.

కూర్చున్నాను. అప్పటికే మనసులో మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. క్షమించమని, నెలనెలా జీతంలో సగం తెస్తానని. నోరు తెరవబోతే చేత్తో ఆపింది.

"ఆ రోజు ఫోన్లో ఎక్కొచ్చని నువ్వన్నావా?"

"లేదమ్మా. నేను షాపులో ఉన్నాను. ఫోన్ మోగడం కూడా వినలేదు."

"మరి కోర్టులో ఆ మాట నాదే అన్నావంట?"

"గొంతు నాది కదమ్మా. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా అని. మీవారు కూడా ఆసుపత్రిలో అదే అన్నారు..."

"ఆయన బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ ఏదో అన్నాడు. నువ్వు ప్రమాణం చేసి చెప్పావు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన కూడా వింటున్నాడు.

"నువ్వన్నావా అంటే లేదంటున్నావు. నీదేనా అంటే నాదే అంటావు. అక్కడ వాళ్లు అడిగింది నువ్వు మంచోడివా కాదా అని కాదన్నా. ఎవరన్నారు అని. జరిగింది జరిగినట్టు చెప్పుంటే నన్ను తిప్పడానికి ఒక ఆయాని పెట్టుకునేవాళ్లం. ఈయన బస్సు మీదికి వెళ్లేవాడు. నువ్వు అబద్ధం ఆడావు."

గొంతు పెంచలేదు. రొట్టె ఎందుకు మాడిందో చెప్పినట్టు చెప్పింది. నిజాయితీగా ఉన్నాననుకుని మూడు నెలలకి పైగా తలెత్తుకు తిరిగాను అక్కా. షెడ్డు పోయినప్పుడు కూడా, పోనీ, మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాను. ఆ ఒక్క మాటతో అదంతా పోయింది.

అంతలో డ్రైవరు వచ్చాడు. ఆవిడని పక్కకి తిప్పాల్సిన వేళయిందట, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. నేను కూడా పట్టుకుంటానని లేచాను. "వద్దు, నాకలవాటే" అన్నాడు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. లోపల ఆయన ఊపిరి బిగబట్టి లేపడం, ఆవిడ మూలగడం వినిపించింది.

కోర్టులో మళ్లీ చెప్పడానికి కుదురుతుందా అని వకీలుని అడిగాను. ఒకసారి ప్రమాణం చేసి ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడానికి దారి లేదన్నాడు. అందుకని నీకు రాస్తున్నాను, అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా. అక్కా, నేను ఆ మాట అనలేదు.

తమ్ముడు